పిల్లలకంటే ముందు

అందరూ ఆమెను క్యాంపక్క అనేవాళ్ళు. పిల్లలు అన్నారంటే అర్థముంది. వాళ్ళ అమ్మానాన్నలూ అలాగే అనేవాళ్ళు. వయసులో ఆమెకంటే బాగా పెద్దయిన మా ప్రిన్సిపాల్ గారు కూడా ఫోనెత్తి, "క్యాంపక్కగారూ, ఈసారి మా ఎనిమిదో క్లాసు వాళ్ళని ఎక్కడికి తిప్పుతున్నారు?" అనేవారు.

బడి పిల్లల్నీ కాలేజీ పిల్లల్నీ కొండలకి, వాగులకి, గుహలకి, మ్యూజియాలకి తీసుకెళ్ళి, నాలుగు విషయాలు కళ్ళారా చూపించి, ఎలా తీసుకెళ్ళిందో అలాగే తిరిగి తెచ్చి ఇళ్ళకి అప్పజెప్పడం ఆమె పని. వినడానికి ఇంతే. కాలికి బలపం కట్టుకు తిరిగే మనిషికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ ఆమె తిరుగుడులో ఎక్కువ భాగం ట్రిప్పుకు ముందు తిరిగేదే. బస్సు ఎక్కడ తిప్పుకోవాలి, ఏ మలుపు దాటాక ఫోను పనిచెయ్యదు, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం, ఆడపిల్లలకి బాత్రూంలు ఉన్నాయా, ఉంటే తలుపుకి గడియ ఉందా, ఇవన్నీ స్వయంగా వెళ్ళి చూసొస్తే తప్ప ఆమె ఏ బడికీ మాటిచ్చేది కాదు.

మొదట ఆమె మా బళ్ళోనే జాగ్రఫీ టీచరు. నేను సైన్సు చెప్పడానికి చేరినప్పుడు పక్క గది ఆమెదే. ఒకరోజు ఆమె బోర్డు మీద నది గీసి, ఇది మలుపు, ఇది మేట అని చెబుతుంటే వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, "టీచర్, నది పక్కన నిలబడితే చప్పుడొస్తుందా?" అని అడిగిందట. నది ఊరి చివరే ఉంది. క్లాసులో సగం మంది దాన్ని వంతెన మీద బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదని అప్పుడు తేలింది. మర్నాడు లెక్కల పీరియడ్ కూడా బతిమాలి తీసుకుని, అందరినీ జంటలు జంటలుగా నడిపించి నది ఒడ్డుకి తీసుకెళ్ళింది. తిరిగొచ్చాక ప్రిన్సిపాల్ గారు పిలిచి, "ఎవర్నడిగి తీసుకెళ్ళారు?" అన్నారు. "బురద ఇంత అవుతుందనుకోలేదండీ" అంది, అదేదో జవాబైనట్టు. ఆయన కోప్పడదామనుకుని వరండాలో పిల్లల బూట్లు చూసి నవ్వేశారు. ఇంకొన్నేళ్ళకి ఉద్యోగం మానేసి ఇదే పని పెట్టుకుంది.

తాళంచెవులు చేసే కొట్టు పైన ఒక్క గది ఆమె ఆఫీసు. ఇరుకు మెట్లు. గోడ నిండా మ్యాపులు, గదికి అడ్డంగా కట్టిన తాడు మీద ఆరేసిన స్లీపింగ్ బ్యాగులు, తడి గుడ్డా రబ్బరూ కలిసిన వాసన. మూలనున్న అట్టపెట్టెలో పిల్లలు మర్చిపోయిన సామాన్లుండేవి. కళ్ళజోళ్ళు, టోపీలు, ఒంటి చెప్పులు. "జత మర్చిపోయారంటే అర్థం చేసుకుంటా. ఒక్క చెప్పు మర్చిపోయి ఇంటికెలా నడిచారే?" అని ఆశ్చర్యపోయేది.

ఇల్లంతా ఆ పనిలోనే ఉండేది. వాళ్ళాయన టైలరు. పెళ్ళయిన కొత్తలో చొక్కాలు కుట్టేవాడు. ఆమె పని మొదలెట్టాక పెద్ద మిషను కొని గుడారాలూ వీపు సంచులూ కుట్టడంలో పడ్డాడు. అందరూ టెంట్ల మాస్టరనేవాళ్ళు. ఆయన తమ్ముడు, అంటే ఆమె మరిది, తాళ్ళ మనిషి. రాతికి తాడు బిగించడం, పిల్లలకి నడుం పట్టీలు కట్టడం, పైనుంచి మెల్లగా దించడం ఆయన వంతు. పిల్లలకి తాడు బాబాయ్. పెళ్ళి చేసుకోలేదు. అడిగితే, "ముడి వేయడం నా పని కాబట్టి దాని బరువెంతో నాకు తెలుసు" అనేవాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. నడక రాకముందు నుంచీ నాన్న కుట్టిన సంచిలో అమ్మ వీపు మీద కొండలెక్కిన పిల్ల. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేస్తే లోయ అవతలి నుంచి మేకలు తలెత్తి చూసేవి. అందుకని ఈలపిల్ల అనేవాళ్ళు. చదువు అయ్యాక వేరే ఉద్యోగాలేవీ వెతక్కుండా అమ్మ పక్కన చేరింది. పిల్లలకి వాగు వేగం కొలవడం నేర్పేది. నారింజపండు నీళ్ళలో వదిలి, ఈ రాయి నుంచి ఆ రాయి దాకా ఎంతసేపట్లో వస్తుందో చూడమనేది. చివర్న ఆ పండు ఎవరు పట్టుకుంటే వాళ్ళది. నా సైన్సు పాఠాలు మర్చిపోయిన వాళ్ళు కూడా ఆ నారింజపండు మర్చిపోలేదు.

ట్రిప్పుకి ముందు దారి చూసి రావడాన్ని వాళ్ళింట్లో రెక్కీ అనేవాళ్ళు. "పేపర్లో దొంగలు చేస్తారే, అదే మేమూ చేస్తాం. కాకపోతే వాళ్ళు తీసుకుపోతారు, మేం తిరిగి తెస్తాం" అని ఈలపిల్ల నవ్వేది. రెక్కీకి ఆ ఇంట్లో ఒకటే నియమం, ఒక్కరు వెళ్ళకూడదు. ఇద్దరు వెళ్ళాలి. ఒకరికి ఏమైనా అయితే రెండో మనిషి కబురు చెప్పడానికి ఉండాలి. ఆ నియమం పెట్టింది క్యాంపక్కే.

ఆమె ఎలాంటి మనిషో చెప్పడానికి ఒక్క సంగతి చెబుతాను. మొదటిసారి ఇల్లు వదిలి గుడారంలో పడుకున్న పిల్లల్లో ఎవరో ఒకరు పక్క తడుపుతారు. పొద్దున్నే ఆ పిల్లాడు ముడుచుకుని లేవకుండా ఉంటాడు. క్యాంపక్క నీళ్ళ బకెట్ పట్టుకుని పిల్లల్ని లేపడానికి వచ్చేది, గుడారం గుమ్మంలో తట్టుకునేది, నాలుగైదు పక్కలు తడిసేవి. "అయ్యో, నా కాళ్ళు మండిపోనూ. అందరూ పక్కలు తెచ్చి ఎండలో వెయ్యండి" అనేది. ఇన్నిసార్లు తట్టుకునే మనిషి కొండలెలా ఎక్కుతుందని నేను నిజంగానే అనుకునేదాన్ని. ఈలపిల్ల చెవిలో చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆ ఏడు మా తొమ్మిదో క్లాసు పిల్లలు చూసిన చోట్లకే మళ్ళీ వెళ్ళేది లేదని పేచీ పెట్టారు. క్యాంపక్క ఒక ఇరుకు లోయ సంగతి చెప్పింది. రెండు కొండల మధ్య వాగు. వాగు పక్క గోడల్లాంటి రాళ్ళు, ఆ రాళ్ళలో గవ్వల అచ్చులు. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదని పిల్లలు చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. నీటికి పైన పొడుగాటి రాతి అరుగు ఉంది, నలభై మందీ వరసగా కూర్చుని బొమ్మలు గీసుకోవచ్చు. ఎండాకాలంలో ఆమె చూసొచ్చింది. వానలు వెలిశాక మరోసారి చూడాలి, ఆ తర్వాతే ట్రిప్పు.

రెక్కీకి తల్లీకూతుళ్ళు బయల్దేరాల్సిన రోజునే మా ప్రిన్సిపాల్ గారు తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. కొందరు భయపడుతున్నారు, క్యాంపక్క వచ్చి మాట్లాడితే తప్ప సంతకాలు పెట్టమంటున్నారు. ఈలపిల్ల తేలిగ్గా, "నువ్వు మీటింగు చూస్కోమ్మా. నేనూ బాబాయీ వెళ్ళొచ్చేస్తాం" అంది. ఇద్దరు వెళ్తున్నారు కాబట్టి క్యాంపక్క సరేనంది.

ఆ మీటింగులో నేనూ ఉన్నాను. క్యాంపక్క తెల్లబోర్డు మీద లోయ గీసి, బస్సు ఆగేచోటు, అన్నం తినేచోటు చూపించింది. ఒకావిడ లేచి వాగు లోతెంత అంది. ఒకాయన పాముల గురించి అడిగాడు. అన్నిటికీ నింపాదిగా జవాబు చెప్పి, చివర్న, "మీ పిల్లలు అడుగు పెట్టే ప్రతిచోటా ముందు మేం అడుగు పెట్టి చూస్తామండీ. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నాం, మా అమ్మాయి అక్కడే ఉంది" అంది.

వెనక కుర్చీలోంచి ఒకాయన, "మరి మీ అమ్మాయికంటే ముందు వెళ్ళి చూసేదెవరండీ?" అన్నాడు సరదాగా.

అందరూ నవ్వారు. క్యాంపక్క కూడా నవ్వి, "దానికంటే ముందు గాలి కూడా వెళ్ళలేదండీ" అంది.

సంతకాలు పెడుతుండగా ఆమె ఫోను మోగింది. మరిది. ఆమె వింటూ కిటికీ దగ్గరికి వెళ్ళింది. "ఏ ఒడ్డున?" అంది. మళ్ళీ కాసేపు విని, "నువ్వు అక్కడే ఉండు. దిగకు. నేనొస్తున్నా" అంది. గొంతులో ఏ తేడా లేదు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వచ్చి, "నేను వెళ్ళాలండీ, ఏమనుకోకండి" అని చెప్పి బోర్డు తుడిచింది. మెట్ల దగ్గర ఆగింది. పట్టుకోబోతే నా చెయ్యి వదిలించుకుని, గోడకి ఆనుకుని, "అది పడిపోయిందంటమ్మా" అంది.

జరిగింది ఇది. లోయ మొదట్లోనే తాడు బాబాయ్ మోకాలు పట్టేసింది. నడవలేక రాతి మీద కూర్చున్నాడు. ఈలపిల్ల, "ఆ అరుగు ఒక్కటి చూసి వచ్చేస్తా బాబాయ్, నువ్విక్కడే ఉండు" అని ముందుకు వెళ్ళింది. వానలకి వాగు ఎగదన్ని అరుగు కింది మట్టినంతా తవ్వుకుపోయింది. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఆమె అరుగు మధ్యకి వెళ్ళాక అది మొత్తంగా విరిగి నీళ్ళలో పడింది. పిల్లలు వరసగా కూర్చుని బొమ్మలు గీయాల్సిన అరుగు.

మర్నాడు పొద్దున దిగువన, నీళ్ళు నెమ్మదించిన చోట దొరికింది. టెంట్ల మాస్టరు తను కుట్టిన గుడారం గుడ్డలో కూతుర్ని చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇలాంటప్పుడు జనం ఊరుకోరు. మంచి మనసుతోనే ఏదో ఒకటి అనాలనుకుంటారు. కొన్నాళ్ళకి ఆ తొమ్మిదో క్లాసు పిల్లల అమ్మలు నలుగురైదుగురు కలిసి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. ఒకావిడ క్యాంపక్క చేతులు పట్టుకుని ఏడుస్తూ, "మీ అమ్మాయి వల్లే మా నలభై మందీ బతికారండీ. అది మీ పిల్ల కాదు, మా పిల్లల ప్రాణం" అంది.

క్యాంపక్క, "కూర్చోండి, మంచినీళ్ళు తాగుతారా?" అంది. తెచ్చి ఇచ్చింది. వాళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని వెళ్ళారు. గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది. వచ్చి నా ఎదురుగా కూర్చుని, చాలాసేపు గ్లాసులు ఒకదాన్లో ఒకటి పెడుతూ తీస్తూ ఉంది.

"ఆ నలభై మందీ పేరుపేరునా తెలుసు నాకు" అంది. "ఎవడికి బస్సు పడదో తెలుసు, ఎవతి నిద్రలో కలవరిస్తుందో తెలుసు. పొద్దున్నే లేస్తానా, వాళ్ళలో ఎవరో ఒకరు పోయి నా పిల్ల ఉంటే బాగుండునని అనిపిస్తుంది. ఎవరో ఒకరు కూడా కాదు. పేరు పెట్టి అనుకుంటాను. ఫలానావాడు పోయి ఉంటే అని. వాడు నా ఒళ్ళో తల పెట్టి పడుకున్నవాడే. ఇలాంటిదాన్ని పిల్లల దగ్గరికి ఎవరు రానివ్వాలి చెప్పు?"

గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆఫీసు ఖాళీ చేశారు. మ్యాపులు చుట్టలు చుట్టి మంచం కిందకి తోశారు. మర్చిపోయిన సామాన్ల పెట్టెను ఆమె మా స్కూలు వాచ్‌మన్‌కి ఇచ్చి ఎవరివి వాళ్ళకి ఇమ్మంది. బడి వదిలే వేళకి ఆమె బజారుకి వచ్చేది కాదు. ఎప్పుడైనా పిల్లల గుంపు ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేది. వాళ్ళు "క్యాంపక్కా, క్యాంపక్కా" అని పిలిచేవాళ్ళు. వినబడనట్టు వెళ్ళిపోయేది. పిల్లలు నా దగ్గరికొచ్చి, "అక్కకి మా మీద కోపమా టీచర్?" అని అడిగారు. లేదన్నాను. వాళ్ళు నమ్మలేదు.

టెంట్ల మాస్టరు మిషను మాత్రం ఆగలేదు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా చప్పుడే. ఏం కుడుతున్నాడో అని చూస్తే, కుట్టిన కుట్టే విప్పేవాడు, విప్పిన చోటే మళ్ళీ కుట్టేవాడు. గుడ్డ సూది పోట్లకి జల్లెడైపోయింది.

ఇక మరిది. రోజూ వచ్చి ఇంటి మెట్టు మీద కూర్చునేవాడు. అన్న టీ తెచ్చి ఇచ్చేవాడు. వదిన ఆ మెట్టు దాటే లోపలికీ బయటికీ తిరిగేది, ఒక్కసారి కూడా ముఖం చూసేది కాదు. ఆయన కాలు ముడుచుకుని దారిచ్చేవాడు. ఒకరోజు ఆమె నీళ్ళ బిందెతో వస్తుంటే లేచి నిలబడి, "నేను దాన్ని ఒక్కదాన్నీ వెళ్ళనివ్వకుండా ఉండాల్సింది వదినా" అన్నాడు.

ఆమె ఆగింది. "అవును" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన మర్నాటి నుంచి రాలేదు. ఊరి అవతల ఏదో గోడౌన్లో సామాన్లకి తాళ్ళు కట్టే పనికి చేరాడని విన్నాం. టెంట్ల మాస్టరు నాతో ఒకసారి అన్నాడు, "వాడు నా తమ్ముడు. అది నా కూతురు. ఎటు మొగ్గుతావో తేల్చుకో అంటే నా వల్ల కాదమ్మా. నన్ను వదిలెయ్యండి." ఆయన అంత పొడుగు మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

ఏడాది గడిచింది. మళ్ళీ వానలు వచ్చి వెలిశాయి. ఒకరోజు వేరే బడి గేటు మీద పెద్ద బ్యానర్ చూశాను. అదే లోయ బొమ్మ, రాళ్ళలో గవ్వలు. కొత్తగా ట్రిప్పులు మొదలెట్టిన ఒక కుర్రాడి సంస్థ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తోంది. క్యాంపక్కకి చెప్పాలా వద్దా అని నేను చాలా తటపటాయించాను. మానిన గాయం రేపినట్టవుతుందని భయం. మానలేదు కదా, రేపేదేముంది అనుకుని వెళ్ళి చెప్పాను.

ఆమె బట్టలు ఆరేస్తోంది. మిగిలినవి కూడా ఆరేసి, చేతులు తుడుచుకుని, "ఎక్కడ వాళ్ళ ఆఫీసు?" అంది.

నేనూ వెంట వెళ్ళాను. కుర్రాడు మర్యాదస్తుడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. ఎవరో తెలుసు.

"ఆ అరుగు వైపు వెళ్ళడం లేదండీ. అక్కడ కంచె వేశారు" అన్నాడు. "అవతలి ఒడ్డు నుంచి చూపిస్తాం."

"అవతలి ఒడ్డు నడిచి చూశావా బాబూ?"

"వేసవిలో చూశానండీ."

"వానల తర్వాత?"

కుర్రాడు తల దించుకున్నాడు. "వెళ్ళాలండీ. అదే అనుకుంటున్నా. నాతో పాటు వచ్చే మనిషి దొరకడం లేదు. ఉన్న ఇద్దరూ వేరే క్యాంపులో ఉన్నారు. ఒక్కణ్ణే వెళ్ళొద్దామా అని..."

"ఒక్కడివీ వెళ్ళకు" అంది క్యాంపక్క. ఆ మాట ఎంత గట్టిగా అందంటే పక్క గదిలో టైపు చేస్తున్న అమ్మాయి చెయ్యి ఆపింది. తర్వాత గొంతు తగ్గించి, "నేను వెళ్ళి చూసొస్తాను. నాతో ఇంకో మనిషి వస్తాడు" అంది.

ఇంటికి వెళ్ళి మిషను పక్కన నిలబడింది. "మీ తమ్ముడికి ఫోన్ చెయ్యండి" అంది. మిషను ఆగింది.

ఆ తర్వాతిది ఆమే నాకు చెప్పింది. బస్సులో ఇద్దరూ వేరు వేరు సీట్లలో కూర్చున్నారు. ఆయన మోకాలికి పట్టీ కట్టుకున్నాడు. లోయ దగ్గర దిగి, అవతలి ఒడ్డు పట్టుకుని నడిచారు. ఒకరు ముందు, ఒకరు వెనక, మధ్యలో తాడు. రాయి రాయినీ కర్రతో తట్టుకుంటూ, అనుమానం వచ్చిన చోట పడుకుని కిందికి చూసుకుంటూ వెళ్ళారు. ఒకచోట రాతి మొదట్లో పగులు కనిపించింది. ఆమె చెయ్యి పెడితే మోచేతి దాకా వెళ్ళిపోయింది. లోపల చల్లగా నీటి చెమ్మ. ఇక ముందుకు వెళ్ళక్కర్లేదు. ఈ దారి పిల్లలకి పనికిరాదు.

తలెత్తితే ఎదురుగా ఆ ఒడ్డు. అరుగు విరిగిన చోట రాయి ఇంకా కొత్త రంగులోనే ఉంది, చుట్టూ నల్లగా, మధ్యలో తెల్లగా. మరిది అక్కడే కూలబడ్డాడు.

ఆమె నిలబడే, "ఆ రోజు ఏం జరిగిందో అంతా చెప్పు. మాట వదలకుండా చెప్పు" అంది.

ఆయన చెప్పాడు. మోకాలు పట్టేస్తే ఆ పిల్ల చున్నీ విప్పి కట్టు కట్టిందట. "నీ మోకాలికంటే మన పాత బస్సు నయం బాబాయ్, కనీసం తోస్తే కదులుతుంది" అని నవ్విందట. అరటిపండు సగం తిని సగం ఇచ్చిందట. ఆయన, వెనక్కి పోదాం, రేపొద్దాం అన్నాడట. ఇంతవరకు చెప్పి ఆగిపోయాడు.

"అప్పుడేమంది?"

"ఏమీ లేదు వదినా. వెళ్ళింది."

"ఏమందో చెప్పు."

ఆయన నీళ్ళకేసి చూస్తూ, "రేపంటే అమ్మకి ఇబ్బంది బాబాయ్ అంది. మీటింగులో అందరికీ మాటిచ్చేస్తుంది, ఇవాళే చూసేస్తే అమ్మకి నిశ్చింత అంది" అన్నాడు.

క్యాంపక్క కూర్చుంది.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగిందట.

"నన్ను అనుకుంటూ ఉంటే నీకు కాస్త తేలిగ్గా ఉంటుందని" అన్నాడట ఆయన.

దిగేటప్పుడు మోకాలు సహకరించకపోతే ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని దించింది. తిరుగు బస్సులో ఒకే సీట్లో కూర్చున్నారు.

ఆ కుర్రాడు లోయ ట్రిప్పు మానేసి పిల్లల్ని వేరే చోటికి తీసుకెళ్ళాడు. వాడి నోటా వీడి నోటా విని మరికొందరు వచ్చారు. పిల్లల్ని తీసుకెళ్ళే పని వద్దని, దారి చూసొచ్చే పని మాత్రం ఒప్పుకుంది. ఇప్పుడు వదినా మరిదీ కలిసి కొండలూ వాగులూ తిరిగి చూసొస్తారు. ఇది బాగుంది, ఇది బాగాలేదు అని చెబుతారు. అక్కడితో వాళ్ళ పని అయిపోతుంది. ఆ దారుల్లో పిల్లలు నడిచేటప్పుడు వాళ్ళు ఉండరు.

"బాబాయ్ మీద కోపం పోయిందా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"కోపం ఎక్కడికి పోతుంది? ఆయన మీద నుంచి తీశాను. ఎక్కడ పెట్టాలో తెలియక నా దగ్గరే ఉంచుకున్నాను" అంది.

మొన్న ఆరో క్లాసు పిల్లల్ని లైట్‌హౌస్ చూపించడానికి నేనే ఏర్పాటు చేశాను. ఒక్కరోజు పని, పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం. దారి ముందే వాళ్ళిద్దరి చేత చూపించాను. ఈసారి నువ్వూ రా అక్కా, పెద్ద దూరం కాదు కదా అని క్యాంపక్కని బతిమాలాను. చూద్దాంలే అంది.

పొద్దున్నే గేటు దగ్గరికి వచ్చింది. వాళ్ళాయన స్కూటరు మీద దించి వెళ్ళాడు. డ్రైవరుతో మాట్లాడింది, టైర్లు చూసింది, మందుల పెట్టె తెరిచి చూసి మూసింది. నాకు ఆశ పుట్టింది. పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. వీళ్ళంతా కొత్తవాళ్ళు, ఆమెను ఎరగరు. ఒక పిల్ల ఆమె కొంగు పట్టుకుని, "ఈ ఆంటీ కూడా వస్తున్నారా టీచర్? నాకు కిటికీ పక్క సీటు కావాలి, లేకపోతే కడుపులో తిప్పుతుంది" అంది.

క్యాంపక్క ఆ పిల్లని చంకల కింద పట్టుకుని బస్సు మెట్టు ఎక్కించింది. "డ్రైవరు వెనకాల కూర్చో. దూరంగా కనబడేదాన్నే చూడు, దగ్గరివి చూడకు" అని చెప్పింది. తను కూడా ఒక కాలు మెట్టు మీద పెట్టింది. కడ్డీ పట్టుకుంది. కొంతసేపు అలాగే ఉండి కాలు వెనక్కి తీసుకుంది.

"మీరు వెళ్ళండమ్మా" అంది.

బస్సు కదిలాక అద్దంలో చూస్తే గేటు పక్కన నిలబడి ఉంది.

పిల్లలు సముద్రం చూశారు, లైట్‌హౌస్ మెట్లెక్కారు, కాళ్ళు నొప్పులని ఏడ్చారు, పాటలు పాడారు, ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయారు. ఎండ తగ్గాక తిరిగొచ్చాం. గేటు ముందు తల్లిదండ్రులు గుంపుగా ఉన్నారు. వాళ్ళ వెనక, వాచ్‌మన్ స్టూలు మీద క్యాంపక్క కూర్చుని ఉంది. పొద్దున కట్టుకున్న చీరే. పక్కన ముట్టని టీ గ్లాసు.

వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చి, "పొద్దుట్నించీ ఇక్కడే టీచర్. ఇంటికెళ్ళండమ్మా అంటే వెళ్తా వెళ్తా అంటున్నారు. మాస్టరుగారు కూడా వచ్చి పిలిచి వెళ్ళారు" అన్నాడు.

పిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. అమ్మలు పేర్లు పెట్టి పిలుస్తున్నారు. ఆమె లేవలేదు. బస్సు తలుపు వైపే చూస్తూ కూర్చుంది. చివరి పిల్ల దిగి, వాళ్ళ నాన్న భుజమెక్కి వెళ్ళిపోయింది. డ్రైవరు తలుపు మూశాడు.

"అందరూ వచ్చారా?" అంది.

"వచ్చారక్కా."

ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. "సరే అయితే. నేను వెళ్తా" అని రోడ్డు దాటి, ఇంటివైపు నడిచింది.